అడగనిదే అందని హక్కులు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ముస్లిం విద్యార్థుల తరఫున, తల్లిదండ్రుల ఎదుట, జమాఅత్ పెద్దల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

 

మేము విద్యార్థులం. అనుభవంలో మీకంటే చిన్నవాళ్లం. అయినా మాట్లాడే బాధ్యతను మీరే మాకు అప్పగించారు. కనుక మేము చదివినదీ, చుట్టూ చూస్తున్నదీ కలిపి కొన్ని ప్రశ్నలుగా మీ ముందు పెడుతున్నాం. రాజ్యాంగం మనకు ఏ హక్కులిచ్చింది? అవి మన గడప దాకా ఎందుకు రావడం లేదు? వాటిని రప్పించడానికి మనం మన చేతులతో చేయగలిగింది ఏమిటి?

మన నేల

2016 అక్టోబర్ 11 దాకా మనమంతా ఒకే మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లం. ఆ రోజున వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. కలెక్టర్ కార్యాలయాలు దగ్గరయ్యాయి. బోర్డులు మారినంత త్వరగా బతుకులు మాత్రం మారలేదు. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద అక్షరాస్యత 66 శాతం దాటితే, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో అది 55 శాతం. నాటి పది జిల్లాల్లో మనదే ఆఖరి స్థానం. ఇవాళ్టి గద్వాల జిల్లా పరిధిలో అది 50 శాతానికి కూడా చేరలేదు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర ఉన్న నడిగడ్డలో, ఏడేళ్లు దాటిన ప్రతి ఇద్దరిలో ఒకరికి అక్షరం అందలేదు.

దేశంలో ఏ మూల ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అన్న మాట వినబడేది. పొరుగు ప్రాంతాల పొలాలకు నీళ్లు తెచ్చిన చేతులకు సొంత ఊళ్లో తాగడానికి నీళ్లు లేని రోజులవి. ఆ తట్టలు మోసినవారిలో దళితులున్నారు, లంబాడాలున్నారు, బోయలున్నారు, మన దూదేకులవారూ షేక్‌లూ ఉన్నారు. కరువు ఎవరి మతమూ అడగలేదు.

ఇవాళ మన వాడల్లో మగవాళ్ల పని ఏమిటో చూడండి. మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, పండ్ల బండి, మాంసం దుకాణం, టైలరింగ్, ఆటో, లారీ క్లీనర్. ఆడవాళ్లు బీడీలు చుడతారు, మిషన్ కుడతారు, పొలం పనికి వెళతారు. వీటిలో చాలా పనులకు నెల జీతం లేదు, పీఎఫ్ లేదు, పింఛను లేదు. గద్వాల ప్రాంతంలో సీడు పత్తి క్రాసింగ్ మొదలైతే, పువ్వు విప్పి పుప్పొడి అద్దే పనికి చిన్న వేళ్లు బాగుంటాయని పిల్లల్ని పిలుస్తారు. అందులోనూ ఆడపిల్లలనే ఎక్కువగా పిలుస్తారు. బడి హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా ఆ నెలల్లో ఖాళీ గడులుంటాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కని రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం చెబుతోంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టడం నేరమని 2016లో చట్టాన్ని మరింత బిగించారు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ ఆ గడులు ఖాళీగానే ఉంటున్నాయంటే, చట్టానికీ పొలం గట్టుకూ మధ్య ఒక మనిషి కావాలన్నమాట. ఆ మనిషి ఎవరన్నదే ఈనాటి మా ప్రసంగ విషయం.

నాలుగు శాతం వెనుక కథ

ఈ సభలో ఉన్న ఇంజనీరింగ్, డిగ్రీ, నర్సింగ్ విద్యార్థుల్లో చాలామంది బీసీ-ఇ కోటాలో సీటు పొందినవాళ్లు. ఆ నాలుగు శాతం ఎలా వచ్చిందో మా తరానికి తెలియదు. తెలియకపోతే దానిని కాపాడుకోవడమూ తెలియదు.

2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ ప్రకటించింది. హైకోర్టులో అది నిలబడలేదు. 2005లో చట్టం చేశారు, అదీ నిలబడలేదు. వెనుకబాటును సరైన పద్ధతిలో గుర్తించలేదన్నది ప్రధాన అభ్యంతరం. అప్పుడు విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ ముస్లింలలోని వృత్తి వర్గాలను, వారి సామాజిక స్థితిని అధ్యయనం చేసి నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 2007లో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం కోటా వచ్చింది. అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజామ్‌లు, ఖురేషీలు, షేక్‌లు మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్, బోహ్రా వంటి వర్గాలను మినహాయించారు. దూదేకుల, నూర్‌బాష్‌లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. అంటే ఈ కోటా మతానికి ఇచ్చినది కాదు, వెనుకబాటుకు ఇచ్చినది. దీనిని మతం పేరిట ఇచ్చిన కానుకగా ప్రచారం చేసేవారికి మనం ప్రశాంతంగా, పదేపదే చెప్పవలసిన మొదటి జవాబు ఇదే.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కూడా కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అప్పటి నుంచి మన పిల్లలు పొందిన ప్రతి సీటూ, ప్రతి ఉద్యోగమూ ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలో పొందినవే. తెలంగాణ ఏర్పడ్డాక జి. సుధీర్ అధ్యక్షతన కమిషన్ ముస్లింల స్థితిగతులను పరిశీలించింది. 2017 ఏప్రిల్ 16న శాసనసభ ఈ కోటాను 12 శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. కేంద్రానికి వెళ్లిన ఆ బిల్లు చట్టమై తిరిగి రాలేదు.

దీన్నుంచి మేము నేర్చుకున్న పాఠం ఒకటుంది. న్యాయస్థానం ముందు కన్నీళ్లు సాక్ష్యం కావు. లెక్కలు సాక్ష్యం. 2006 నవంబర్‌లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక రాకముందు కూడా ముస్లింల వెనుకబాటు అందరికీ తెలుసు. కానీ జనాభాలో 13.4 శాతం ఉన్నవారు ఐఏఎస్‌లో 3 శాతమే ఉన్నారని అంకెలతో అచ్చయిన తరువాతనే దేశం దాని గురించి మాట్లాడక తప్పలేదు. మరి మన వాడ లెక్క ఎవరి దగ్గరుంది? గద్వాలలో, అలంపూర్‌లో, కొత్తకోటలో, ఆత్మకూరులో, కొల్లాపూర్‌లో, అచ్చంపేటలో పదో తరగతి తరువాత చదువు ఆపిన ముస్లిం పిల్లలు ఎందరు? ఎందుకు ఆపారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పుస్తకం ఏ మస్జిద్ కమిటీ దగ్గరైనా ఉందా?

ఇచ్చినవి వెనక్కి పోవడమూ ఈ మధ్యకాలంలో చూస్తున్నాం. 2022లో కేంద్రం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను ఆపివేసింది. అదే సంవత్సరం డిసెంబర్‌లో పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ నిలిపివేస్తున్నట్టు పార్లమెంటులో ప్రకటించింది. ఒకటి మెట్ల మొదట ఉన్న పిల్లవాడికి, మరొకటి చివరి మెట్టు ఎక్కుతున్న యువతికి ఆసరా. ఆ రెండు చోట్లా ఒకేసారి చెయ్యి తీశారు.

కాగితం మీద మన పేరు

పౌరహక్కులంటే పెద్ద మాట అనుకుంటాం. అవి ఎక్కువగా చిన్న కాగితాల దగ్గరే తెగిపోతాయి. మన ఇళ్లలో తాత పేరు హుస్సేన్. బడి రిజిస్టరులో ఉసేను. రేషన్ కార్డులో ఉస్సేన్. ఆధార్‌లో హుసేన్ సాబ్. ఖాసిం కాశీం అవుతాడు, మహబూబ్ మాబు అవుతాడు. ఆడవాళ్ల పేరు చివర బీ, బీబీ, బేగం ఒక్కో కార్డులో ఒక్కోటి ఉంటుంది. ఊళ్లో ఆప్యాయంగా పిలుచుకున్న పేరే కౌంటర్ దగ్గర అడ్డుగోడ అవుతుంది. కుల ధ్రువపత్రం కోసం మీసేవకు వెళితే తండ్రి పేరు కలవలేదని తిప్పి పంపుతారు. కౌన్సెలింగ్ గడువు దాటుతుంది. సీటు పోతుంది. దానిని అన్యాయమని ఎవరూ అనరు, అక్షర దోషమంటారు.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మన ఊళ్లలో పెద్దవాళ్లు ట్రంకు పెట్టెలు తెరిచి కాగితాలు వెతికారు. 2020 మార్చి 16న మన రాష్ట్ర శాసనసభ ఆ చట్టానికీ, ఎన్‌పీఆర్, ఎన్‌ఆర్‌సీలకూ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ తరువాత పెట్టెలు మళ్లీ మూతపడ్డాయి. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. తొలగించిన పేర్లనూ, కారణాలనూ బహిరంగపరచాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ సవరణ అక్కడితో ఆగక ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. కనుక కాగితాల పని కంగారుతో ఒక రాత్రిలో చేసేది కాదు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే ఇంటింటికీ చేయవలసినది. జనన ధ్రువపత్రం, బడి బోనఫైడ్, ఓటరు కార్డు, భూమి ఉంటే పాసు పుస్తకం, వీటన్నిటిలో పేరు ఒకే తీరులో ఉండేలా చూసుకోవాలి. ఇది మన ఒక్కరి అవసరం కాదు. నల్లమలలోని చెంచు కుటుంబానికీ, వలస వెళ్లిన లంబాడా కుటుంబానికీ ఇదే కష్టం.

స్టేషన్ గడప దగ్గర

2007 మే 18న హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. శుక్రవారం నమాజుకు వచ్చినవారు చనిపోయారు. ఆ తరువాత పట్టుకెళ్లిన వారిలో ముస్లిం యువకులే ఎందరో. తమను హింసించారని వారు చెప్పారు. కేసులు పెట్టినవారు న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ఇవ్వాలని నిర్ణయించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. నిర్దోషి అని తీర్పు వచ్చినా పోయిన చదువు తిరిగి రాలేదు, తెగిన పెళ్లి సంబంధం తిరిగి రాలేదు. ఈ ఉదంతాన్ని మా తరం భయంగా కాక జాగ్రత్తగా మార్చుకోవాలన్నది మా అభిప్రాయం.

ఆ జాగ్రత్త ఏమిటంటే చట్టం తెలిసి ఉండటం. అరెస్టు చేసిన వ్యక్తిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మరింత వివరంగా చెప్పింది. అరెస్టు చేసే పోలీసుల పేరు, హోదా కనబడాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి. బంధువులకు తెలియజేయాలి. కస్టడీలో ఉన్నవారికి ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష చేయించాలి. విచారణ పేరుతో స్త్రీలను, పదిహేనేళ్లలోపు పిల్లలను స్టేషన్‌కు రప్పించకూడదు, వారి నివాసంలోనే ప్రశ్నించాలి. నిర్బంధంలో ఉన్నవారికీ, స్త్రీలకూ, పిల్లలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. దానికి 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు. ఈ నాలుగు మాటలు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి మన వాడల్లో గోడ మీద అంటించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇది ముస్లిం యువకుల సమస్య మాత్రమే అనుకునేవారికి మన జిల్లాలోనే జవాబుంది. 2025 జూన్‌లో గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ కర్మాగారం వద్దని ఆందోళన చేసిన రైతులను అరెస్టు చేశారు. అలంపూర్ కోర్టుకు వారిని బేడీలతో తీసుకొచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. విమర్శ రాగానే సంబంధిత పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. సంకెళ్లు మామూలు పద్ధతి కాకూడదని, మనిషి గౌరవానికి అవి విరుద్ధమని 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కొన్ని ఘోర నేరాలకు సంకెళ్లను అనుమతించింది, నిజమే. పంట కోసం, నీటి కోసం ఆందోళన చేయడం ఆ నేరాల కోవలోకి వస్తుందా? ఆ రైతుల చేతులకు పడిన బేడీలు మన చేతులవి కావని ఎవరైనా అనుకుంటే, రేపు మన వంతు వచ్చినప్పుడు వారూ అలాగే అనుకుంటారు.

మనది కాని అన్యాయం లేదు

ప్రవక్త ముహమ్మద్ (స) జీవిత చరిత్రలో హిల్ఫుల్ ఫుజూల్ అనే ఒప్పందం గురించి మనమంతా విన్నాం. యెమెన్ నుంచి మక్కాకు సరుకు తెచ్చిన ఒక వర్తకుడికి అక్కడి పలుకుబడిగల మనిషి డబ్బు ఎగ్గొట్టాడు. ఆ వర్తకుడికి మక్కాలో వంశం అండ లేదు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, అన్యాయానికి గురైనవాడు స్థానికుడైనా పరదేశి అయినా అతని పక్షాన నిలబడతామని ప్రతిజ్ఞ చేశారు. అప్పటికి దైవప్రవక్త వయసు సుమారు ఇరవై ఏళ్లు. ప్రవక్త పదవి ఇంకా రాలేదు. ఆ ఒప్పందంలోని మిగతావారు ముస్లింలు కారు. అయినా ఆ తరువాతి కాలంలోనూ ఆయన దానిని గౌరవంగా తలచుకున్నారు. మా వయసులో ఉన్న ఒక యువకుడు, తన తెగ కాని మనిషి బాకీ కోసం పెద్దల మధ్య కూర్చున్నాడు. విద్యార్థులకు ఇంతకు మించిన ఆదర్శం ఎక్కడుంది?

ఆ ఆదర్శానికి దగ్గరగా బతికినవారు తెలుగు నేల మీద ఉన్నారు. నల్లగొండలో పౌరహక్కుల సంఘం బాధ్యుడుగా పనిచేసిన ఆజం అలీని 2001 ఫిబ్రవరి 18న కత్తులతో చంపారు. అంతకు కొద్ది నెలల ముందు, 2000 నవంబర్ 23న, అదే సంఘానికి చెందిన పురుషోత్తంను హైదరాబాద్‌లో చంపారు. వారు నిలబడినది ఒక మతంవారి కోసమో, ఒక పార్టీవారి కోసమో కాదు. చట్టబద్ధ పాలన కోసం. గణితశాస్త్ర అధ్యాపకుడుగా ఉండి పౌరహక్కుల కార్యకర్తగా, తరువాత న్యాయవాదిగా మారిన కె. బాలగోపాల్ 2009 అక్టోబర్‌లో చనిపోయేదాకా ఊరూరా తిరిగి నిజనిర్ధారణ నివేదికలు రాశారు. ఊరికి వెళ్లడం, బాధితుల మాట వినడం, అవతలి పక్షం మాట కూడా వినడం, తేలిన నిజాన్ని అతిశయోక్తి లేకుండా రాయడం, ఇదే ఆ నివేదికల పద్ధతి. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను నిజమో కాదో చూడకుండా పది గ్రూపులకు పంపే ఈ కాలంలో మేము నేర్చుకోవలసిన మొదటి క్రమశిక్షణ అదే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, అతని మిత్రులు ముజఫర్‌నగర్ అల్లర్ల మీద తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకున్నందుకు నిరసన తెలిపారు. గుంటూరు నుంచి వచ్చిన ఆ విద్యార్థికి ఉత్తరప్రదేశ్ ముస్లింలతో ఏ చుట్టరికమూ లేదు. 2016 జనవరి 17న అతను మనకు దూరమయ్యాడు. అతని పేరు తలచుకునేటప్పుడు మన ఊళ్లో దళితవాడ మీద జరిగే అవమానానికి మన మస్జిద్ వీధి ఎలా స్పందిస్తోందన్న ప్రశ్న కూడా తలచుకోవాలి. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం దళితుల కోసం మాత్రమే రాసింది కాదు. మనిషిని మనిషిగా చూడమని అందరికీ చెప్పింది.

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా అమ్రాబాద్, పదర మండలాల ప్రజలు నిలబడ్డారు. చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. మన జిల్లాల్లో సామూహిక కృషి ఫలించిందనడానికి ఇది కళ్లెదుటి ఉదాహరణ. అలంపూర్‌లో జోగుళాంబ ఆలయానికి వచ్చినవారు పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గాకూ వెళతారు. పీర్ల పండుగ మన ఊళ్లలో ఊరందరి పండుగ. ఈ కలిమిని ఉపన్యాసాల్లో పొగిడితే సరిపోదు. పక్కవాడికి కష్టం వచ్చిన రోజున అతని వెంట తహసీల్దార్ కార్యాలయానికి వెళితేనే అది నిలుస్తుంది.

ఇంటి లోపలి న్యాయం

బయట న్యాయం అడిగేవారు ఇంట్లో న్యాయం చేయాలి. ఈ మాట మా చెల్లెళ్లు, అక్కలు మాతో చెప్పమన్నారు. వారే చెప్పగలరు కానీ, వేదిక మీద వారికి కుర్చీ వేయడం మనకింకా అలవాటు కాలేదు.

2016 నుంచి రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు మొదలై రెండు వందలు దాటాయి. అందులో బాలికల గురుకులాలు ఎన్నో. తల్లి తండ్రి వలస వెళ్లినా ఆడపిల్ల చదువు ఆగకుండా ఉండటానికి అవి ఆసరా అయ్యాయి. కానీ పదో తరగతి, ఇంటర్ దాటాక ఏమవుతోంది? కాలేజీ దూరమనో, బస్సు లేదనో, సంబంధం వచ్చిందనో చదువు ఆగుతోంది. షాదీ ముబారక్ పథకం కింద ప్రభుత్వం లక్షా నూట పదహారు రూపాయలు ఇస్తుంది. పెళ్లికూతురికి పద్దెనిమిదేళ్లు నిండాలన్నది అందులో నిబంధన. పద్దెనిమిదో పుట్టినరోజు కోసం లెక్కపెట్టుకునే తల్లిదండ్రులు, డిగ్రీ చివరి సంవత్సరం కోసం కూడా లెక్కపెట్టాలని మా మనవి.

నడిగడ్డను ఆనుకునే రాయచూరు జిల్లా ఉంది. మన బంధువులు ఎందరో అక్కడున్నారు. 2022లో కర్ణాటకలో హిజాబ్ పేరిట ఆడపిల్లలను తరగతి గది బయట నిలబెట్టిన రోజులు మనకు తెలుసు. ఆ ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. కాలేజీ గేటు దగ్గర ఆపితే హక్కుల ఉల్లంఘన అంటాం. ఇంటి గుమ్మం దగ్గర ఆపితే మాత్రం పరువు అంటాం. రెండు చోట్లా పోయేది ఆ పిల్ల చదువే.

చేయవలసిన పనులు

మేము పెద్ద కార్యక్రమాలు ప్రతిపాదించడం లేదు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావలసిన పనులు కొన్ని చెబుతున్నాం.

ఒకటి, వాడ పుస్తకం. ప్రతి మస్జిద్ పరిధిలో ఇంటింటి వివరాలు రాయాలి. బడి వయసు పిల్లలు ఎందరు, ఎవరు మానేశారు, ఎవరికి ఏ ధ్రువపత్రం లేదు, ఎవరి పేరు ఏ కార్డులో తప్పుంది అన్నవి అందులో ఉండాలి. ఈ పుస్తకం ఎవరి రాజకీయానికీ ఇవ్వకూడదు. కుటుంబాల గోప్యత కాపాడాలి.

రెండు, జుమా తరువాత గంటసేపు సహాయ బల్ల. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, ఓటరు నమోదు, పింఛను, ఏ కాగితమైనా అక్కడ నింపాలి. ఆ బల్ల దగ్గరకు వచ్చే హిందువునూ, క్రైస్తవుణ్ణీ, ఆదివాసీనీ ముందుగా కూర్చోబెట్టాలి.

మూడు, సమాచార హక్కు. 2005 నాటి ఈ చట్టం కింద అడిగిన సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. దరఖాస్తు రుసుము పది రూపాయలు మించదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏ నెల దాకా విడుదలైంది? ఉర్దూ మాధ్యమం బడిలో ఉపాధ్యాయ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ? ఖబరస్తాన్ సర్వే నంబరు ఎంత, రికార్డుల్లో విస్తీర్ణం ఎంత? ఇవి నోటితో అడిగితే 'చూద్దాం' అంటారు. రాసి అడిగితే రాసి జవాబివ్వాలి.

నాలుగు, జకాత్‌లో చదువు వాటా. సంపదలో రెండున్నర శాతం తీసే కుటుంబాలు మన పట్టణాల్లో తక్కువేమీ కాదు. అది చిల్లరగా చేతులు మారేకన్నా, అర్హులైన నలుగురు విద్యార్థుల ఏడాది హాస్టల్ ఖర్చుగా మారితే నాలుగు కుటుంబాలు నిలబడతాయి. మరుసటి తరంలో వారే జకాత్ ఇచ్చేవారవుతారు.

ఐదు, కమిటీల్లో స్త్రీలకు చోటు. వాడ పుస్తకంలో ఆడపిల్ల చదువు ఎందుకు ఆగిందో ఆమె తల్లి చెబితేనే తెలుస్తుంది. ఆ తల్లి మగవాళ్లకు చెప్పదు.

ఈ పనులకు కావలసిన చేతులు మేమిస్తాం. మూడు జిల్లాల్లో ఇంటర్, ఆ పైన చదువుతున్న ప్రతి విద్యార్థీ, విద్యార్థినీ వారానికి రెండు గంటలు సొంత వాడకు ఇవ్వాలని మేము మాలో మేము తీర్మానించుకున్నాం. మీ వైపు నుంచి మేము కోరేవి మస్జిద్‌లో ఒక బల్ల, ఒక తాళం చెవి, మా మీద కాస్త నమ్మకం. వచ్చే శుక్రవారం నుంచే మొదలుపెడదాం. మొదటి ఏడాది చివర ఈ మూడు జిల్లాల వాడ పుస్తకాలు ఒక్కచోట పెట్టి, ఇదే సభలో, మీ ఎదుటే లెక్క చెబుతాం. ఎందరు పిల్లలు తిరిగి బడికి వెళ్లారు, ఎన్ని పేర్లు సరయ్యాయి, ఎన్ని దరఖాస్తులకు జవాబు రాలేదు, అన్నీ చెబుతాం. జవాబు రానివాటి జాబితా తీసుకుని అప్పుడు మీరూ మేమూ కలిసి కలెక్టర్ కార్యాలయానికి వెళదాం.